గంజు ఎవరిది, గంటె ఎవరిది?

కరెంటు ఛార్జీలు పెరిగినా, బస్సు టికెట్టు పెరిగినా మన పత్రికలు ఒకటే శీర్షిక పెడ్తయి: 'ఛార్జీల వడ్డన'. బడ్జెట్‌లో కొత్త పన్నులు పడితే 'పన్నుల వడ్డన'. పోలీసులు లాఠీలు లేపితే పిలగాండ్లకు 'నాలుగు వడ్డించిండ్రు'. చదివేటోళ్లు ఇదంతా ఎక్కిరింపు రాత అనుకుంటరు. అన్నం పెట్టే మాటను తెచ్చి వాత పెట్టేకాడ వాడిండ్రని నవ్వుకుంటరు. రాసే సబ్ ఎడిటర్ కూడా ఎక్కిరింపుగనే రాస్తడు. కని తెలిసో తెలువకో ఆయన ఆ మాట వేరును ముట్టుకున్నడు. ఎందుకంటే వడ్డించుడు అనే మాటకు పుట్టుకలో ఉన్న అర్థమే 'పెంచుడు'.

నమ్మబుద్ధి కాకపోతే గోదావరి దాటి అవతలికి పోయి చూడాలె. మరాఠీలో అన్నం వడ్డించుడును 'వాఢణే' అంటరు. పెరుగుడును కూడా 'వాఢణే' అనే అంటరు. పుట్టినరోజు 'వాఢదివస్', అంటే వయసు పెరిగే రోజు. జీతం పెరిగితే 'పగార్‌వాఢ్'. ధరలు పెరిగితే అక్కడి పత్రికల శీర్షిక 'దర్‌వాఢ్'. ఇంట్ల అమ్మను 'జేవణ్ వాఢ్' అంటే అన్నం వడ్డించుమని. మనకు రెండు మాటలుగా కనపడేది వాళ్లకు ఒక్కటే మాట. ఆదిలాబాద్, నిజామాబాద్ సరిహద్దు ఊర్లోళ్లకు ఇది చెప్పే పని లేదు. 1956 దాక మరాఠ్వాడా, మనం ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నం. ఔరంగాబాద్, నాందేడ్, పర్భణి నుంచి వచ్చిన నౌకర్లు, మన దిక్కు నుంచి పోయిన నౌకర్లు ఒకరింట్ల ఒకరు తిన్నోళ్లే.

సంస్కృతంలో 'వృధ్' అంటే పెరుగుడు. 'వృద్ధి', 'వర్ధనం', 'వర్ధంతి' అన్నీ దాని పిల్లలే. ఆ మాట ప్రాకృతంలోకి వచ్చి నోట్ల నలిగి 'వడ్ఢ' అయింది. హిందీ, ఉర్దూల్లో 'బఢ్‌నా' అయింది. తెలుగులో వడ్డి అయింది, వడ్డన అయింది. బౌద్ధుల పాలి భాషలో జాతక కథల కాలానికే 'వడ్ఢేతి' అనే క్రియకు పెంచుడు అనే అర్థంతో పాటు అన్నం వడ్డించుడు అనే అర్థం కూడా ఉన్నది. అంటే ఈ రెండు అర్థాల జోడు మొన్నమొన్నటిది కాదు. ధూళికట్ట, ఫణిగిరి బౌద్ధ స్తూపాలు నిలబడ్డనాడు మన నేల మీద రాతలు చెక్కింది ప్రాకృతంలనే. సర్కారుది, సన్యాసులది, బేహారులది ఆ భాషే. ఆ నేలలో అన్నం కాడ ఒక ప్రాకృత మాట నిలబడి ఉంటే వింత ఏమున్నది?

కన్నడంలో వడ్డించుడుకు 'బడిసు' అంటరు, వడ్డీకి 'బడ్డి' అంటరు. మన 'వ' వాళ్లకు 'బ' అవుడు మామూలే: వేరు వాళ్లకు బేరు. కాబట్టి అది కూడా ఈ ఇంటి మాటనే అనిపిస్తది. ఇంకా కిందికి దిగితే తమిళంలో వడ్డీకి 'వట్టి' ఉన్నది కని వడ్డించుడుకు వేరే మాట, 'పరిమాఱు'. పైకి పోతే హిందీలో 'పరోస్‌నా', అది 'పరివేషణం' నుంచి వచ్చింది. ఈ లెక్కన అన్నం పెట్టుడును పెంచుడు అనుకున్నోళ్లు ముఖ్యంగా నడుమ ఉన్న దక్కన్ జనం. నిఘంటువుల మీద పడి రాష్ట్రాల సరిహద్దులు గీసుకునే పండితులు ఈ పటం ఒకసారి గీసి చూస్తే మంచిది.

ఇంకో దారి కూడా ఉన్నది, దాన్ని దాచిపెట్టుడు న్యాయం కాదు. పాణిని సంప్రదాయపు ధాతుపాఠంలో 'వర్ధ' అని వేరే ఒక ధాతువు ఉన్నది. దానికి ఇచ్చిన అర్థాలు రెండు: కోసుడు, నింపుడు. కట్టె కోసే 'వర్ధకి' నుంచే హిందీ 'బఢయీ', మన వడ్రంగి, మన ఊర్ల వడ్లాయన వచ్చిండ్రు. (తినే వడ్లకు ఈ వడ్లాయనకు చుట్టరికం లేదు.) కొందరు ఈ దారిన పోయి వడ్డించుడు అంటే వాటాలు కోసి పంచుడు అనవచ్చు. నాకైతే మరాఠీ సాక్ష్యం, పాలి సాక్ష్యం చూసినంక పెంచుడు వైపే మొగ్గు ఉన్నది. అయినా కోసుడు, నింపుడు అనే రెండు అర్థాలు ఒక్క ధాతువు కింద పక్కపక్కన కూసున్నయంటే ఆ పని చేసేటోని చేతిని చూసే ఎవరో రాసినట్టున్నది. గంజులో నుంచి కోసినట్టు తియ్యాలె, ఇస్తారిలో నింపాలె.

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వస్తది. వడ్డిస్తుంటే గంజులో తరుగుతది కద, పెరుగుడు అని ఎట్ల అన్నరు? ఇస్తారి వైపు కూసొని చూస్తే పెరుగుడే, అది ఒక జవాబు. ఇంకో జవాబు మన ఇండ్లల్ల ఉన్నది. బియ్యం అయిపోతే అయిపోయినయి అని అనరు పెద్దోళ్లు. 'నిండుకున్నయి' అంటరు. ఖాళీ అయిన కుండను నిండింది అంటరు. దీపం ఆరిపోయింది అనరు, 'కొండెక్కింది' అంటరు. తిండి కాడ, దీపం కాడ లేదనే మాట నోట్లకు రావొద్దు. ఉర్దూలో ఇదే పట్టింపు మన మాట చుట్టంతోనే నడుస్తది. తినుడు అయినంక దస్తర్‌ఖాన్ ఎత్తేసుడును 'దస్తర్‌ఖాన్ బఢానా' అంటరు. దుకాణం మూసుడును 'దుకాన్ బఢానా' అంటరు. దీపం ఆర్పుడు 'దియా బఢానా'. పెంచుడు అనే ఒకే మాటతో తెలుగోడు తిండి మొదలుపెడితే, ఉర్దూ మాట్లాడేటోడు అదే మాటతో తిండి ముగిస్తడు. పాతబస్తీలో ఈ రెండు ఇండ్లకు నడుమ ఒక్క గోడనే ఉంటది.

ఇదంతా వడ్డించుడు కథ. మరి మన ఇండ్లల్ల నిజంగ వినిపించే మాట అదేనా?

తెలంగాణ ఊర్ల అమ్మ 'వడ్డించనా' అని అడగదు. 'బువ్వ పెట్టాల్నా' అంటది. 'కూర ఎయ్యాల్నా, చారు పొయ్యాల్నా' అంటది. అన్నానికి పెట్టుడు, కూరకు ఏసుడు, చారుకు, అంబలికి పోసుడు. గట్టిగ ఉన్నదా, పల్చగ ఉన్నదా, చేత్తోటి తీస్తరా, గంటెతోటి తీస్తరా అన్నదాన్ని బట్టి క్రియ మారుతది. ఇంత నుణుపు వడ్డించు అనే ఒక్క మాటలో లేదు. పెట్టు, వేయు, పోయు మూడూ అచ్చమైన ద్రావిడ మాటలు. వడ్డించు ప్రాకృతం నుంచి వచ్చిన మాట. మరి బడిలో జరిగింది ఏంది? బువ్వ పెట్టింది అని రాసిన పిల్లకు ఎర్రసిరాతోటి కొట్టేసి 'అన్నం వడ్డించింది' అని దిద్దుడు. బువ్వ అనేది పసిపిల్లల మాట అని చెప్పుడు. ఇక్కడ పొలం దున్ని వచ్చిన అరవై ఏండ్ల రైతు కూడా తినేది బువ్వనే అని ఆ దిద్దే చెయ్యికి తెల్వదు. పుస్తకంలో ఉన్నది శుద్ధం, నోట్ల ఉన్నది మోటు అనే లెక్క ఎంత తలకిందులో ఈ ఒక్క క్రియను చూస్తే తెలుస్తది. అరువు వచ్చిన మాట దొరసాని అయింది, ఇంట్ల పుట్టిన మాట పనిమనిషి అయింది. వడ్డించును తీసెయ్యుమని కాదు నేను అనేది. అది కూడా రెండు వేల ఏండ్ల సంది మన నేల మీద తిరుగుతున్న మాటనే. పక్కన ఉన్నదాన్ని తప్పు అని కొట్టేసే హక్కు దానికి లేదంటున్న.

ఇంకొకటి గమనించాలె. వడ్డీ, వడ్డన తోబుట్టువులు అన్నం కద. తెలంగాణ నోట్ల ఆ తోబుట్టువు పెద్దగ వినపడదు. మనం వడ్డీ అనం, 'మిత్తి' అంటం. అసలు, మిత్తి. నూటికి రెండు రూపాల మిత్తి, మూడు రూపాల మిత్తి. ధాన్యం అప్పు తెస్తే దానికి ఇంకో పేరు, నాగు. కరువు నెలల్ల గడీకి పోయి ఒక పుట్టి తెచ్చుకుంటే కల్లం కాడ పుట్టిన్నర కొలిచి ఇచ్చిన కాలం తాతలు చూసిండ్రు. పెంచుడు అనే మాటను అటు అప్పుకు, ఇటు అన్నానికి రెండింటికీ వాడుకున్నరు మిగతా తెలుగోళ్లు. మన దిక్కు అప్పుకు వేరే పేర్లు దొరికినయి. కావాలని చేసింది కాకపోవచ్చు. అయినా షావుకారు లెక్కల పుస్తకం ఒక దిక్కు, ఇస్తారి ఒక దిక్కు ఉండుడు నాకు నచ్చింది.

ఇగ అసలు సంగతికి వస్త. పెట్టుడుకు, వడ్డించుడుకు నడుమ ఇంకో తేడా ఉన్నది. నిఘంటువుల్లో ఇది కనపడదు, వాడకంలో కనపడతది. 'అన్నం పెట్టిన తల్లి' అంటం. 'అన్నం వడ్డించిన తల్లి' అని ఎవరూ అనరు. 'అన్నం పెట్టిన చెయ్యి' అంటం. 'పెట్టినింటికి ద్రోహం చెయ్యొద్దు' అంటం. పెట్టుడులో తిండి పెట్టేటోనిది. వానిది వాడు ఇస్తున్నడు. తిన్నోడు రుణపడతడు. వడ్డించుడులో అట్ల లేదు. వడ్డించేటోనికి గంటె ఒక్కటే తనది. గంజు వేరేటోళ్లది. పెండ్లిల వడ్డించేది పక్కింటి పిలగాడు, పెట్టేది పెండ్లిపిల్ల తండ్రి. తిన్నోడు బయటికొచ్చి తండ్రికి దండం పెడతడు, పిలగానికి పెట్టడు. వడ్డించేటోనికి రుణం లేదు, బాధ్యత ఉన్నది. అందరికీ అందాలె, మొదటి బంతికి ఎంతనో ఆఖరి బంతికి అంత.

సామెత పుట్టింది ఈ సందులోనే. వడ్డించేటోడు మనోడైతే కడబంతిల కూసున్నా ఒక్కటే అని. తెలంగాణ ఉద్యమంలో ఈ సామెత చెప్పని సభ లేదు, రాయని కరపత్రం లేదు. ఉద్యోగులకు ఇది పుస్తకం చదివితే వచ్చిన తెలివి కాదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం అయింది. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణల ఖర్చు పెట్టాలె అని రాసుకున్నరు. ఆ మిగులు ఎంతో లెక్క తియ్యనీకే 1969లో లలిత్ కమిటీ, భార్గవ కమిటీ వెయ్యాల్సి వచ్చింది. అంటే పదమూడేండ్లు ఎవరి ఇస్తారిలో ఎంత పడ్డదో లెక్క లేదన్నట్టు. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. కాగితం మీద వడ్డన అయింది, ఇస్తారి కాడికి రాలేదు. సామెతను జనం పట్టుకున్నది ఇందుకే. అయితే ఆ సామెతను మనం సగమే చదివినం అని నాకు అనిపిస్తది. అది వడ్డించేటోని గురించి ఫిర్యాదు. మనోడైతే అన్యాయం మనకు లాభం అయితది అని ఒప్పుకునే సామెత అది. కడబంతిల కూసున్నోళ్లందరికీ అందుతదని అది చెప్పలేదు. తనోడికి అందుతదని చెప్పింది.

2014 జూన్ 2న గంటె మన చేతికి వచ్చింది. మాట్లాడే తీరు మారిందా? ఏ పార్టీ సభ అయినా చెవి పెట్టి వినండ్రి. 'మేము పెట్టినం', 'మేము ఇచ్చినం', 'మా అన్నం తిని' అనే మాటలే. పింఛన్ కావచ్చు, రేషన్ బియ్యం కావచ్చు, నౌకరీ నోటిఫికేషన్ కావచ్చు, పెట్టినం అనే క్రియనే. గంజు జనానిది. బియ్యం కొన్న పైస జనం కట్టిన పన్ను. నీ పని వడ్డించుడు. పెట్టినం అన్నప్పుడల్లా గంటె పట్టినోడు గంజు తనదని చెప్తున్నట్టు. తిన్నోన్ని రుణపడుమంటున్నట్టు. ఒక్క క్రియ మారిస్తే పాలకుడు పాలేరు అయితడు, అందుకే వాళ్లు మార్చరు. పత్రికలోళ్లు కూడా ఛార్జీలు పెంచినప్పుడు మాత్రం 'వడ్డన' రాసి, పథకం ఇచ్చినప్పుడు 'వరం' రాస్తరు. నిజానికి తిరగేసి రాయాలె. పథకాన్ని వడ్డన అనాలె.

గంటె ఎవరు పట్టాలె అనేది రాజకీయం కంటే ముందు కులం ప్రశ్న. బంతి అనే మాట కూడా వడ్డన లెక్కనే ప్రాకృతం గుండా వచ్చింది, పంక్తి నుంచి పంతి, పంతి నుంచి బంతి. వరుస అని అర్థం. ఆ వరుసలో ఎవరు ఎక్కడ కూసోవాలె, ఎవరు అసలు కూసోవద్దు, ఎవరి చేతి గంటె కింద ఎవరు ఇస్తారి పెట్టరు అన్నది మన ఊర్లకు తెలిసిన చరిత్ర. పెద్దోళ్ల పెండ్లిల మాదిగ, మాల వాడలకు వేరే బంతి, ఒక్కోకాడ బంతి కూడా కాదు, మిగిలింది గంపల పోసి పంపుడు. వాళ్ల విషయంలో 'వడ్డించుడు' అనే మాటనే వాడలేదు, 'పోసుడు', 'పడేసుడు' అన్నరు. బడిపిల్లలకు వండిన అన్నమే పెట్టాలె అని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆర్డర్ ఇచ్చింది. మన దగ్గర 2003ల మధ్యాహ్న భోజనం మొదలైంది. దేశంలో చాలా కాడ దళిత ఆడబిడ్డ వండితే మా పిల్లలు తినరు అన్న పెద్దమనుషులు లేచిండ్రు. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు, వంటోళ్లను పెట్టేకాడ దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ముందు అవకాశం ఇయ్యాలె అన్నది. పిల్లలకు ఏం పెట్టాలె అనేదాంతో ఆగకుండ, గంటె ఎవరి చేతిలో ఉండాలె అనేది కూడా కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే ఆ చిన్న పనిముట్టుకు ఎంత బరువు ఉన్నదో చూడండ్రి.

హాస్టల్ పిలగాండ్లకు ఈ బరువు నిత్యం తెలుస్తనే ఉంటది. పప్పు గిన్నెలో గంటె పైపైన ఆడితే నీళ్లు, అడుగుకు పోతే పప్పు. మెస్‌లో గంటె పట్టినాయన దోస్తుకు అడుగు నుంచి తీస్తడు, మిగతోళ్లకు పైనుంచి తీస్తడు. సామెత చదువుడు ఎందుకు, లైన్ల నిలబడితే చాలు.

ఇప్పుడైతే ఆ లైనే వేరే తీరుగ అయింది. ఫంక్షన్ హాల్‌లో ప్లేటు చేతికిచ్చి పెట్టుకోండ్రి అంటరు. మోదుగాకు ఇస్తారి పోయింది, బంతి పోయింది. ఇంకో రెండు గంటెలు అని బతిమిలాడేటోళ్లు పోయిండ్రు. వడ్డన అంటే ఏంది అని ఈ కాలం పదో తరగతి పిలగాన్ని అడిగితే రేట్లు పెంచుడు అంటడు, వానికి తెలిసింది పత్రిక శీర్షిక. పాణిని లెక్కన చూస్తే తప్పేం కాదు.

ఊర్లల్ల ఇంకా అక్కడక్కడ బంతిభోజనం నడుస్తున్నది. అక్కడ ఒక పద్ధతి ఉన్నది, సామెతకు ఎక్కనిది. వచ్చినోళ్లందరు తినిపోయినంక, బుట్టలు, బకెట్లు పక్కకు పెట్టి, చెమట తుడుచుకొని పొద్దుగాల నుంచి వడ్డించిన పిలగాండ్లు, అన్నం వార్చిన ఆడోళ్లు, పిల్ల తండ్రి ఒకే వరుసలో కూసుంటరు. కడబంతి వాళ్లదే. గంజు అడుగున ఏం మిగిలితే అది తింటరు.